కదులుతున్న బండిని కొట్టవచ్చా?

సంపాదకుల వారికి,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో పటం మీద ఆడే యుద్ధ క్రీడల గురించి వచ్చిన వ్యాసం చదివాను. పులిమేక, పచ్చీసు, అష్టాచెమ్మా దాటి బల్ల మీది ఆటలు పెద్దగా ఎరుగని మన పాఠకులకు వీటిని పరిచయం చేయడం మెచ్చదగిన పనే. అయితే వాహనాలు ముందు కదులుతాయనీ, ఆ తరువాతే కాల్పులు జరుగుతాయనీ, కదలిక ముగిసిన చోటు ఒక్కటే లెక్కలోకి వస్తుందనీ అందులో ఒక్క వాక్యంలో తేల్చివేశారు. ఆ మాట నమ్మి ఆడితే ఆట తలకిందులవుతుంది. నల్లగొండలో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను, మూడేళ్లుగా మనవరాలితో ఇదే ఆట ఆడుతున్నాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ ఆటలలో ఒక వంతు అంటే కొంత కాలం. 1970లో అమెరికాలో వచ్చిన ట్యాంకుల ఆట పాంజర్‌బ్లిట్జ్‌లో ఒక గడి 250 మీటర్లు, ఒక వంతు ఆరు నిమిషాలు. పది గడులు కదిలిన ట్యాంకు ఆ ఆరు నిమిషాలలో రెండున్నర కిలోమీటర్లు, అంటే గంటకు 25 కిలోమీటర్ల చొప్పున, సుమారుగా ట్రాలీ తగిలించిన ట్రాక్టరు నడిచినట్టు నడిచిందన్నమాట. అంతసేపూ ఎదుటి ఫిరంగి దగ్గరివాళ్లు కళ్లు మూసుకుని కూర్చోరు కదా! కానీ ఆ ఆట మూల నియమాలలో కదులుతున్న బండిని మధ్యలో కొట్టే వీలు లేదు. పైగా అడవి గడిలో ఉన్న బండిని, దాని పక్క గడిలో మనవాళ్లు ఉంటే తప్ప, దూరం నుంచి కాల్చరాదు. దీనితో ఒక అడవిలోనుంచి బయలుదేరి, బయలు దాటి, మరో అడవిలో దూరిన ట్యాంకుకు గీత కూడా పడేది కాదు. ఆటగాళ్లు ఈ దాగుడుమూతలకు 'పాంజర్‌బుష్' (బుష్ అంటే పొద) అని ఎగతాళి పేరు పెట్టారు. 1974లో వచ్చిన పాంజర్ లీడర్‌లో, ఎదుటివాడి బండి కదులుతుండగానే ఆపి కాల్చే పద్ధతిని ఇష్టమైతే పాటించదగిన నియమంగా చేర్చారు. దానినే ఆపర్చునిటీ ఫైర్ అంటారు. మీ వ్యాసం 1970 దగ్గరే ఆగిపోయింది.

ఇదే సందేహం మా ఇంట్లోనూ వచ్చింది. మేము ఆడే పటం మేమే గీసుకున్నది. దాని మీద చెరువు కట్ట, వరి మడులు, రెండు బత్తాయి తోటలు ఉన్నాయి. మనవరాలు తన ట్యాంకు బిళ్లను కట్ట చాటు నుంచి తోటలోకి ఐదు గడులు నడిపింది. మూడో గడి బయలు. అక్కడికి రాగానే ఆగమన్నాను. నా ఫిరంగి గడి నడి చుక్క నుంచి ఆ గడి నడి చుక్కకు దారం లాగి పట్టి, చూపుకు అడ్డేమీ లేదని చూపించి, పాచికలు వేశాను. "గది ఆడ ఆగలే గద తాతా, పోతున్నది గద, ఎట్ల కొడతవు?" అని పేచీ పెట్టింది. బండి ఆగలేదు, నిజమే. కానీ ఒక వంతులో బండి ఎంత దూరం పోవచ్చో కదలిక పాయింట్లతో కొలుస్తారు, ఆ గడి గుండా పోవడానికి అది ఒక పాయింటు ఖర్చు పెట్టింది. ఆ పాయింటే ఆ గడిలో అది ఎదుటివాడి కళ్లబడిన సమయం. కదలికనూ కాల్పులనూ రెండు వేరు అధ్యాయాలుగా చదివేవారికి ఈ ముడి కనిపించదు.

ఖర్చు విషయంలో నేనూ తప్పు చేశాను. చాలా ఆటలలో, మేము పాటించే పద్ధతిలోనూ, అడుగుపెట్టే గడిని బట్టే పాయింట్లు పోతాయి. నేను చాలా నెలలు విడిచిన గడిని బట్టి లెక్కవేస్తూ వచ్చాను. నాటుకు తయారైన వరి మడిలోకి ట్రాక్టరు దించిన రైతును అడిగితే చాలు, బురదకు తగిలించే ఇనుప కేజ్ వీల్స్ లేకుండా దిగితే ఏమవుతుందో చెబుతాడు. కష్టమంతా దిగే మడిదే, విడిచిన గట్టుది కాదు. (ఆ కేజ్ వీల్స్‌తోనే తారు రోడ్డెక్కి రోడ్డును చెడగొట్టడం గురించి మరో ఉత్తరం రాయవలసి ఉంది.) బండి మొగం తిప్పడానికీ పాయింట్లు పోతాయి. తిరిగే టరెట్ (ఫిరంగిని మోసే పై గూడు) ఉన్న ట్యాంకు ఒళ్లు కదలకుండా ఫిరంగిని పక్కకు తిప్పగలదు. టరెట్ లేని జర్మన్ స్టూగ్ వంటి బండి మొత్తంగా తిరగవలసిందే, తిరిగినంతసేపూ పలుచని పక్క కవచం శత్రువుకు చూపవలసిందే.

ఇక కదులుతూ కాల్చడం. వ్యాసంలో దీని ఊసే లేదు. చాలా ఆటలు దీనిని అనుమతిస్తాయి, కానీ గురి విషయంలో గట్టి కోత పెడతాయి. అది నియమాలు రాసినవారి మొండితనం కాదు. రెండో ప్రపంచ యుద్ధపు అమెరికా షెర్మన్ ట్యాంకులో కుదుపులను సర్దే గైరో యంత్రం ఉండేది, కానీ అది ఫిరంగి పైకీ కిందికీ ఊగడాన్నే సర్దేది, పక్క ఊపును పట్టేది కాదు. అందుకే గురి కుదరాలంటే ఆగి కాల్చేవారు. నిలిచి పొంచి ఉన్నవానికి ఉండే మేలు 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు పంజాబులోని ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో కనిపించింది. మన సెంచూరియన్ ట్యాంకులు చెరకు తోటలలో కదలకుండా కాచుకున్నాయి, నీరు వదిలిన పొలాల బురదలో పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు కూరుకుపోయాయి. హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన ఫిరంగితో పోరాడి అక్కడే అమరుడయ్యాడు, పరమవీర చక్ర పొందాడు. కవచం లేని జీపు ట్యాంకు ముందు నిలవగలిగింది చెరకు చాటు వల్లనూ, చోటు మార్చుకుంటూ కాల్చడం వల్లనూ. ఆటలో జీపు బిళ్లకు రక్షణ తక్కువ, కదలిక ఎక్కువ ఎందుకో దీనితో బోధపడుతుంది.

ఈ శీర్షిక కొనసాగించే పక్షంలో, నియమాల పట్టికకు బదులు ఒక్క బండి ఒక్క వంతులో చేసే ప్రయాణాన్ని గడి గడికీ బొమ్మ వేసి, ఏ గడిలో ఎవరు కాల్చవచ్చో చూపించమని నా మనవి. మా మనవరాలికి ఆ బొమ్మ అవసరం తీరిపోయింది. మరుసటి ఆటలో ముందుగా ఒక ఖాళీ లారీని అదే బయలు గడి గుండా తోలింది. నేను ఆత్రపడి కాల్చాను. ఆ వంతులో అది ఇక కాల్చరాదన్న గుర్తుగా నా ఫిరంగి మీద 'కాల్చింది' అన్న బిళ్ల తానే పెట్టి, ట్యాంకును తాపీగా బత్తాయి తోటలోకి నడిపించుకుపోయింది.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
నల్లగొండ