క్షామాన్ని శవాలతో కొలిస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

సూడాన్ ఆకలిచావుల మీద మీరు రాసిన సంపాదకీయం చదివాను. ఆవేదనతో మొదలుపెట్టి, చివరకు ప్రపంచ ఆహారోత్పత్తి పెరగాలన్న మాటతో ముగించారు. నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. కదిరి ప్రాంతంలో కరవు నివేదికలు రాయడంతోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ ముగింపుతో నేను ఏకీభవించలేను. ప్రపంచంలో గింజలు లేక ఇవాళ ఎవరూ చావడం లేదు. కొనే శక్తి పోయి చస్తున్నారు, లేదా గింజలు వచ్చే దారి ఎవడో మూసేస్తే చస్తున్నారు. రెండూ ముందే కనిపించే సంగతులే.

క్షామం వచ్చిందని ప్రకటించడానికి ఐక్యరాజ్యసమితి సంస్థలు ఐదు దశల కొలమానం వాడతాయి. ఐదో దశ అంటే క్షామం. ప్రతి వంద ఇళ్లలో కనీసం 20 ఇళ్లకు తిండి దాదాపు పూర్తిగా కరవవ్వాలి. పిల్లల్లో 30 శాతం మంది తీవ్రంగా చిక్కిపోవాలి. పది వేల మందిలో రోజుకు ఇద్దరు చనిపోవాలి. పది లక్షల జనం ఉన్న ప్రాంతమైతే రోజుకు రెండు వందల శవాలు లేవాలన్నమాట. కొలమానం తయారుచేసినవారిని తప్పుపట్టను. మూడో దశలోనే, అంటే సంక్షోభం దశలోనే, కదలమని వారు మొత్తుకుంటూనే ఉన్నారు. కానీ డబ్బిచ్చే దేశాలు మాత్రం ఐదో దశ అన్న మాట చెవిన పడేదాకా జేబులో చెయ్యి పెట్టడం లేదు.

సోమాలియాలో వానలు తప్పబోతున్నాయని 2010 ఆగస్టు నుంచే హెచ్చరికలు వచ్చాయి. క్షామం ప్రకటన వెలువడింది 2011 జులై 20న. మొత్తం మీద సుమారు 2,58,000 మంది చనిపోయారని తర్వాత లెక్క తేలింది. అందులో దాదాపు సగం మంది ఆ ప్రకటనకు ముందే పోయారు. 2022లో అదే దేశంలో ప్రకటన దాకా రాలేదు, గండం గడిచిందన్నారు. ఆ ఏడాది కరవు వల్ల అదనంగా 43,000 మంది చనిపోయి ఉంటారని అంచనా. వారిలో సగం మంది ఐదేళ్లలోపు పిల్లలు.

ఈ విషయంలో మన సీమ చరిత్ర చదవదగ్గది. 1876లో మొదలైన ధాత కరవులో కూలి తగ్గించి ఖర్చు మిగల్చాలని బ్రిటిష్ ప్రభుత్వం రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసుకు పంపింది. కరవు పనుల్లో మట్టి మోసే మనిషికి రోజుకు పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలన్నాడాయన. పౌను అంటే మన లెక్కలో అర కిలో కూడా కాదు. దాంతో మనిషి బతకడని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఎదురుతిరిగాడు. 1881 జనగణన నాటికి కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆ చావుల తర్వాతే 1880లో క్షామ కమిషన్ నివేదిక, దాని వెంట క్షామ నియమావళి వచ్చాయి. పుట్టించింది దొరలే అయినా ఆ నియమావళిలో ఒక మంచి గుణం ఉంది. చావులు లెక్కపెట్టమనదు. ధాన్యం ధర ఎగబాకుతోందా, జనం ఊళ్లు వదిలి తిరుగుతున్నారా, చిల్లర దొంగతనాలు పెరిగాయా చూడమంటుంది. అనుమానం ఉంటే ఒక పని తెరిచి, ఎంతమంది వస్తారో పరీక్షించమంటుంది.

మేం చేసిందీ అదే. ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం చూసి రిజిస్టరులో రాయడం, ఐదు మీటర్ల చదరంలో వేరుశనగ పీకించి కాయలు తూకం వేయించడం, ఇవన్నీ నివేదికకు కావలసినవే. నాకు అసలు కబురు చెప్పింది మాత్రం పశువుల సంత. ముసలి ఎద్దులు సంతకు రావడం మామూలే. ఆరు పళ్ల కోడెలు, నిన్నటిదాకా దుక్కి దున్నినవి, జోడీలుగా వస్తున్నాయంటే ఊళ్లో నమ్మకం పోయినట్టు. దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు కాబట్టి ధర పైకి వినపడదు. అమ్మినవాడు విప్పుకున్న తాడు భుజాన వేసుకుని టీ బంకు దగ్గరకు వచ్చాక అడిగితే చెబుతాడు. ఒక పక్క ఎద్దు ధర పడిపోతూ, మరోపక్క వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలే పశువుల మేత) బండి ధర పెరుగుతుంటే ఇక పంట కోత ప్రయోగం ఫలితం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఆ మాట నివేదికలో రాస్తే, సంతలో విన్నది ఆధారం కాదని పైఅధికారి ఒకాయన కొట్టేశారు. ఇప్పటికీ నాకు మింగుడుపడని విషయం అది.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభించారు. దాని లోపాల చిట్టా నా దగ్గరా పెద్దదే ఉంది. అయినా కరవు ప్రకటనతో నిమిత్తం లేకుండా పని అడిగే హక్కు ఇచ్చినందుకు చేతులెత్తి మొక్కుతాను. ఇథియోపియాలో ఇలాంటి పథకమే అంతకు ఏడాది ముందు, 2005లో మొదలైంది. కెన్యా ఇంకో అడుగు ముందుకేసింది. తుర్కానా, మార్సబిట్ లాంటి ఎండు జిల్లాల్లో పచ్చదనాన్ని ఉపగ్రహంతో చూసి, అది గీత కిందికి జారితే కుటుంబాల ఖాతాల్లో డబ్బు వేస్తుంది. మా సంత చెప్పే కబురే, ఆకాశం నుంచి వస్తోంది.

యుద్ధం సంగతి వేరు, ఒప్పుకుంటాను. సూడాన్‌లోని ఎల్ ఫాషర్ నగరాన్ని ముట్టడించినప్పుడు జనం అంబాజ్ తిని బతికారు. అంబాజ్ అంటే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క. మేం పశువులకు నానబెట్టి పెడతాం, బూజు పడితే అదీ పెట్టం. మనలాగే వేరుశనగ విస్తారంగా పండించే దేశంలో మనుషులకు ఆ గతి పట్టింది. ముట్టడి ఎత్తేయాలని 2024 జూన్‌లో భద్రతా మండలి తీర్మానం చేసినా, తిండి బండ్లకు దారి మాత్రం తెరుచుకోలేదు. అక్కడ ఉత్పత్తి పెంచమని ఎవరికి చెబుతాం?

మన ప్రభుత్వం చేయగలిగింది ఒకటుంది. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం మనవే. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు, మన బియ్యం కొని తినే ఆఫ్రికా దేశాలు మన దయ కోసం ఒక్కొక్కటిగా అడగవలసి వచ్చింది. మన ధరలు మనం చూసుకోవడం తప్పు కాదు. కానీ నిల్వల్లో కొంత భాగాన్ని శాశ్వతంగా పక్కనపెట్టి, ఏ దేశమైనా మూడో దశ దాటగానే ఎవరి సిఫారసూ లేకుండా ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమం సంస్థకు అందేలా నిబంధన రాసుకోవచ్చు.

మీ పత్రికకూ ఒక విన్నపం. జిల్లా పేజీలో బంగారం ధర రోజూ వేస్తున్నారు. దాని పక్కన వారానికోసారి సంతలో ఎడ్ల జత ధర, కట్టె బండి ధర కూడా వేయండి. రెండు కాలమ్‌ల స్థలం చాలు. రాసి పంపేవారు లేకపోతే నేను పంపుతాను.

- ఒక విశ్రాంత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, కదిరి