భీమిలిని దారిలో చూసిపోయే ఊరుగా మిగల్చకండి

గౌరవనీయులైన విశాఖ జిల్లా పర్యాటక అధికారి గారికి,

నమస్కారం. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు వచ్చిన సందర్శకులు భీమిలిలో ఇసుక మీద కాసేపు కూర్చుని, ఫొటోలు దిగి, చీకటి పడకముందే బండి తిప్పేస్తున్నారు. వాళ్ల తప్పేం లేదు. ఊళ్లోకి నడిపించే దారి వాళ్లకు కనపడాలి కదా!

17వ శతాబ్దంలోనే డచ్చివాళ్లు ఇక్కడ స్థావరం పెట్టుకుని బట్టల వ్యాపారం చేశారు. 1825లో అది ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు మాది. తీరానికి దగ్గర్లోనే డచ్చి సమాధులున్నాయి. కొన్ని గోపురాల్లా కోసుగా లేచి ఉంటాయి. రాతి పలకల మీద చెక్కిన అక్షరాలను ఉప్పుగాలి ఏటేటా కొంత తినేస్తోంది. ముందుగా వాటిని నిపుణులతో కాపాడించండి. అవి పోతే మళ్లీ రావు. పక్కనే తెలుగులో ఒక వివరాల పలక పెట్టించండి, మా పిల్లలు కూడా చదువుకుంటారు.

పావురాలకొండ మీద బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లున్నాయి. మెట్ట మీద నీటిని ఎలా దాచుకోవాలో అంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? ఎర్రమట్టి దిబ్బలు సరేసరి, జాతీయ భూవారసత్వ సంపద. అక్కడ మాత్రం కొత్త కట్టడాలేవీ వద్దు, కాపలా చాలు.

గోస్తనీ నది సాగరంలో కలిసే చోటు నుంచి సమాధుల దాకా, నరసింహస్వామి కొండ అని కూడా పిలిచే ఆ పావురాలకొండ దాకా ఒక నడకదారి గుర్తించి, స్థానిక యువకులకు గైడ్లుగా శిక్షణ ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
భీమిలి వాసి