వోల్నే తోటలోని పెద్దాయనకు కృతజ్ఞతలు

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో, బోన్ నుంచి సాంత్నే వరకు ద్రాక్షతోటల మధ్యగా సాగే సైకిల్ దారిలో, వోల్నే ఊరి దగ్గర నా సైకిల్ గొలుసు ఊడి ఇరుక్కుపోతే, తోటపని ఆపి వచ్చి బాగుచేసిన పెద్దాయనా, మీకు మనసారా కృతజ్ఞతలు.

మీరు అంతటితో ఊరుకోలేదు. రాతిగోడ మీద కూర్చోబెట్టి, చీజ్ కలిపి కాల్చిన గూజేర్లు తినిపించారు. పొమ్మార్, వోల్నే ఊళ్లలో ఎర్ర వైన్‌కు పీనో న్వార్ ద్రాక్ష, పక్కనున్న మెర్సోలో తెల్ల వైన్‌కు షార్దొనే ద్రాక్ష పండిస్తారని చెప్పారు. గోడకు అటూ ఇటూ రుచి ఎందుకు మారుతుందో మట్టిని చేతిలోకి తీసుకుని మరీ చూపించారు! 2015లో ఈ తోటలకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఎందుకిచ్చిందో మీ వల్లే నాకు అర్థమైంది. ఆ తర్వాత మెర్సోలో భోజనంతో తీసుకున్న ఒక్క గ్లాసునూ ఎంతో శ్రద్ధగా రుచి చూశాను.

డబ్బు వద్దన్నారు, పేరైనా చెప్పలేదు. ఈ ఏడు మీ పంట బాగా పండాలి.