గుమ్మడి నర్సయ్య గారి సైకిల్ సరే, సభలో ఆయన అడిగిన ప్రశ్నలేవి?

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఎన్నికలు దగ్గర పడినప్పుడల్లా మన పత్రికలన్నీ, మీదీ కలుపుకొని, ఇల్లెందు మాజీ శాసనసభ్యులు గుమ్మడి నర్సయ్య గారి మీద ఒక కథనం వేయడం ఆనవాయితీ అయిపోయింది. అందులో సైకిల్ ఉంటుంది, ఆర్టీసీ బస్సు ఉంటుంది, చివర్లో ఈ కాలంలో ఇలాంటివాళ్లు ఎక్కడున్నారన్న నిట్టూర్పు ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు, ఆ నిరాడంబరతను తక్కువ చేయడం నా ఉద్దేశమూ కాదు. కాని 1983, 1985, 1989లలో వరుసగా మూడుసార్లు, 1994లో ఓడిన తర్వాత 1999లోనూ 2004లోనూ మరో రెండుసార్లు, అంటే రెండు విడతల్లో ఇరవై ఏళ్లకు పైగా ఒక మనిషిని జనం సభకు పంపింది సైకిల్ తొక్కుతాడని కాదు. ఆ ఏజెన్సీ మండలాల బడుల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన వాడిగా ఈ మాట రాయాలనిపించింది.

ఇల్లెందును పాతతరం వాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. 1889లో ఇక్కడే బొగ్గు తవ్వకం మొదలైంది. దగ్గర్లోని సింగరేణి అనే ఊరి పేరే తర్వాత కంపెనీ పేరైంది. కింద బొగ్గు, పైన అడవి, బయ్యారం వైపు ఇనుప రాయి, వీటన్నిటి మధ్య రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింద నోటిఫై అయిన ఆదివాసీ గూడేలు. ఇలాంటి చోట ఎమ్మెల్యే పని రోడ్డుకు శంకుస్థాపన చేయడంతో తీరిపోదు. ఆకు ఎవరిది, నేల ఎవరిది, నేల కింది రాయి ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు ఆయన రోజూ జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది. నర్సయ్య గారిని నిలబెట్టిన విప్లవ కమ్యూనిస్టు రాజకీయాలు పోడు (అడవి కొట్టి చేసుకునే సాగు), తునికాకు (బీడీ ఆకు) పోరాటాల మీదే ఈ ప్రాంతంలో వేళ్లూనుకున్నాయి.

తునికాకు సంగతి దగ్గర నుంచి చూసినదే చెబుతాను. ఏప్రిల్ నెలలో హాజరు పట్టీ తెరిస్తే చాలు, ఆకు కోత మొదలైందో లేదో ఇట్టే తెలిసిపోయేది. తెల్లవారకముందే తల్లితో అడవికి పోయిన పిల్లలు మధ్యాహ్నం ఇంటి నీడన కూర్చుని యాభై ఆకులకొక కట్ట చొప్పున నారతో కట్టి, సాయంత్రానికి ఆకు కొనే కల్లం దగ్గర వరుసలో నిలబడేవాళ్లు. మర్నాడు బడికొచ్చిన పిల్ల పలక పట్టుకుంటే వేళ్ల మీద నార కోసిన గీతలు కనబడేవి. నేను చూసిన ఒక కల్లంలో దాన్ని నడిపే కల్లేదారు కట్టలు లెక్కపెట్టే తీరే వేరు. ఆకు చిన్నదనో, చిల్లు పడిందనో పక్కన పడేసిన కట్టలు కాక, వందకు కొన్ని కొసరు కింద ఊరికే పోయేవి. ఉమ్మడి రాష్ట్రంలో 1971 నాటి చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వం చేతిలోకి వచ్చింది. అప్పటి నుంచి కట్ట రేటు కల్లం దగ్గర తేలే వ్యవహారం కాదు, రాజధానిలో తేలేది. అక్కడ నిలదీసి అడగడానికే మా వాళ్లకు ఒక ఎమ్మెల్యే కావలసి వచ్చాడు.

చదువుకున్నవాళ్లకు ఒక సందేహం వస్తుంది. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1/70 (1970 నాటి ఒకటో రెగ్యులేషన్) గవర్నర్ జారీ చేసినది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని చెప్పిన 1997 జూలై నాటి సమత తీర్పు సుప్రీంకోర్టుది. పోడుకు హక్కు కల్పించిన 2006 నాటి అటవీ హక్కుల చట్టం పార్లమెంటుది. బొగ్గు కేంద్ర జాబితాలోది, అడవి 1976 నుంచి ఉమ్మడి జాబితాలోది. మరి మధ్యలో రాష్ట్ర శాసనసభ్యుడు చేసేదేముంది?

చాలా ఉంది. ఐదో షెడ్యూలు ప్రకారం గిరిజన సలహా మండలిలో ఇరవై మందికి మించకుండా ఉండే సభ్యుల్లో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు శాసనసభలోని గిరిజన సభ్యులే. ఆ మండలి ఉన్న రాష్ట్రంలో దాన్ని సంప్రదించకుండా గవర్నర్ ఆ షెడ్యూలు కింద ఏ రెగ్యులేషనూ చేయకూడదు. అంటే తెలంగాణలోని పన్నెండు, ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు గిరిజన రిజర్వుడు స్థానాల ఎమ్మెల్యేలకు మిగతావాళ్లకు లేని రెండో వేదిక ఒకటి ఉంది. ఆ వేదిక మీద ఎవరు ఏం మాట్లాడారో ఓటు వేసినవాడికి తెలిసే మార్గం మాత్రం కనబడదు. సభ తలుచుకుంటే ఏమవుతుందో కూడా చూశాం: నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అడవి విషయంలో అన్ని పార్టీలూ ఒక్క గొంతుతో మాట్లాడటం అరుదు కనుక ఆ రోజు పేపరు దాచుకున్నాను.

నర్సయ్య గారి విషయంలో నన్ను బాధించేది మరొకటి ఉంది. అటవీ హక్కుల చట్టం నిబంధనలు 2008 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. పోడు రాజకీయాల నుంచి వచ్చిన మనిషి, పోడుకు చట్టం దొరికి గ్రామసభల్లో దరఖాస్తులు పెట్టుకునే సమయానికి సభలో లేకుండా పోయారు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు అని చట్టం చెబుతుంది. ఆ తేదీకి ముందూ వెనకా పోడు కొట్టుకున్న అన్నదమ్ముల్లో ఒకరికి పట్టా, ఒకరికి కేసు మిగిలిన ఇళ్లు మా వైపు ఉన్నాయి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రమంతటా లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. సంతోషమే. కాని అదే చట్టం తునికాకు, వెదురు వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కును కూడా అడవి బిడ్డలకే ఇచ్చింది. భూమి గురించి అడిగినంత గట్టిగా ఆకు గురించి మనం అడగలేదు.

బొగ్గు మాటకొస్తే, కోయగూడెం గని చుట్టుపక్కల బొగ్గు మీది పొరలు తవ్వి పోసిన ఓబీ మట్టి గుట్టలు ఊరి కొండలకన్నా ఎత్తు పెరిగాయి. పేలుడు జరిగినప్పుడు మా చుట్టాలింట్లో అల్మారాలోని గిన్నెలు గలగలమంటాయి, గోడ బీటను ఏటా సిమెంటుతో పూస్తారు, అది ఏటా మళ్లీ తెరుచుకుంటుంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధిని తెచ్చారు. పాత లీజుల మీద కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం గని బాధిత ప్రాంతాల కోసం అందులో జమ కావాలి. నర్సయ్య గారు సభలో ఉన్న రోజుల్లో ఈ నిధి లేదు. ఇప్పుడుంది, పైగా దాని పాలకమండలిలో ఎమ్మెల్యేలను చేర్చాలని 2021లో కేంద్రమే ఆదేశించింది. ఆ డబ్బు పేలుళ్లకు గోడలు బీటలిచ్చే ఊరికి వస్తోందా, ఎక్కడో కార్యాలయ భవనానికి పోతోందా అని ప్రతి సమావేశంలో అడగాల్సిన మనిషి ఎమ్మెల్యేనే. అదే ఏడాది డిసెంబరులో కోయగూడెం మూడో బ్లాకు సహా మొత్తం నాలుగు బొగ్గు బ్లాకుల వేలాన్ని నిరసిస్తూ సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. నేల కింది సరుకు ఎవరిదన్న ప్రశ్న పాతబడలేదు.

నర్సయ్య గారిని దేవుణ్ణి చేయమని నేను అనడం లేదు. చిన్న పార్టీ సభ్యుడికి సభలో దొరికే నిమిషాలెన్నో అందరికీ తెలుసు. పాలక పక్షంలో లేకపోవడం వల్ల నియోజకవర్గానికి నిధులు రాలేదన్న విమర్శను టీ కొట్ల దగ్గర నేనే చాలాసార్లు విన్నాను. ఆ విమర్శలో నిజమెంతో తేలాలన్నా ఆయన రికార్డు ముందుండాలి కదా. ఆయన వేసిన ప్రశ్నలెన్ని, వాటిలో అడవి, ఆకు, బొగ్గు మీద ఎన్ని, మంత్రులు ఇచ్చిన హామీలేమిటి, వాటిలో నెరవేరినవేమిటి? పిల్లలతో ఒక చిన్న ప్రాజెక్టు చేయిద్దామని కొన్నేళ్ల కిందట శాసనసభ చర్చల సంపుటాల కోసం ఒక గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడి, అలాంటివి తమ దగ్గర ఉండవని, హైదరాబాద్ వెళ్లి అడగమని చెప్పారు. పోటీ పరీక్షల పుస్తకాలు మాత్రం నిలువెత్తు రాశి పోసి ఉన్నాయి. బస్సు చార్జీ లెక్కేసుకుని ఆ ప్రాజెక్టు మానుకున్నాం.

కనుక శాసనసభ సచివాలయానికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. నియోజకవర్గం పేరు కొడితే, ఆ స్థానం నుంచి గెలిచినవారు అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు, 1983 నుంచి నేటి దాకా తెలుగులో, ఫోనులో చదువుకునేట్టు రావాలి. గిరిజన సలహా మండలి సమావేశాల నివేదికలను ఏజెన్సీలోని ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద అంటించాలి. ఓటర్ల జాబితా అంటించే గోడకు ఇదేం బరువు కాదు. మీకూ ఒక విన్నపం ఉంది. వచ్చే ఏప్రిల్‌లో కల్లాలు తెరిచేలోపు, రెండు రాష్ట్రాల్లోని ఆ పంతొమ్మిది మంది సభ్యులు ఈ ఏడాది ఆకు గురించి, పోడు గురించి, గనుల నిధి గురించి ఏం అడిగారో ఒక్క పేజీ వేయండి. నర్సయ్య గారి ఫొటో వేయదలిస్తే ఆ పేజీలోనే వేయండి, సైకిల్‌తోనే వేసినా అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఇల్లెందు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా.