అలవాటైన డాక్టరు లేని రోజున

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామనుకున్నాను. కాస్త కోపం తగ్గాక రాస్తే మంచిదని ఆగాను. తగ్గలేదు. రోగులు ఒక డాక్టరు దగ్గర నిలకడగా ఉండరనీ, ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట అంటూ తిరిగి జబ్బు ముదరబెట్టుకుంటారనీ అందులో రాశారు. ఒకే డాక్టరుకి చూపించుకోవడం మంచిదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. మా నాన్నగారు పదకొండేళ్లుగా ఒకే డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. కానీ ఆ డాక్టరుకీ సెలవులుంటాయి, ప్రయాణాలుంటాయి, ఆయనకీ ఒంట్లో బాగుండని రోజులుంటాయి. ఆ రోజుల్లో మేమేం చేయాలో మీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు.

మాకు జరిగింది చెబుతాను. నాన్నగారికి గుండె లయ తప్పే జబ్బు ఉంది. గుండెలో రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. ఈ మందు వాడే ఇళ్లలో ఐఎన్ఆర్ పరీక్ష, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష, గురించి తెలియనివాళ్లుండరు. ఆయనకి అది 2కీ 3కీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డకడుతుందని భయం, పెరిగితే ఎక్కడో ఒకచోట రక్తస్రావం అవుతుందని భయం. కిందటి నెలలో పంటి కింద చీము పట్టి, దవడ వాచి, రాత్రికి జ్వరం వచ్చింది. మా డాక్టరు సెలవులో ఉన్నారు. నేను ఊళ్లో లేను. పక్కింటివాళ్లు సాయం పట్టి వేరే క్లినిక్‌కి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు అడగాల్సిన ప్రశ్న అడిగారు, ఏం మందులు వాడుతున్నారని. నాన్నగారు "గుండెకొకటి, బీపీకొకటి" అని జేబులోంచి మాత్రల స్ట్రిప్ తీసి చూపించారు. కావలసిన మాత్రలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరున్న వైపు మందుల షాపులోనే ఉండిపోయింది. చేతిలో ఉన్న ముక్క మీద ఉన్నవి సగం అక్షరాలే.

ఆ డాక్టరు చీముకి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్, నొప్పికి డైక్లోఫెనాక్ రాశారు. పంటి చీముకి మామూలుగా రాసే మందులే. కానీ మెట్రోనిడజోల్ వేసుకుంటే వార్ఫరిన్ కాలేయంలో త్వరగా విరగదు, ఒంట్లో దాని ప్రభావం పెరిగిపోతుంది. డైక్లోఫెనాక్ కడుపు లోపలి పొరని దెబ్బతీసి రక్తస్రావం ముప్పుని ఇంకా పెంచుతుంది. నాలుగో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే నోటి నిండా రక్తం. ముంజేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు. పరుగెత్తుకుంటూ తీసుకెళ్తే ఐఎన్ఆర్ 6 దాటింది. వార్ఫరిన్ ఆపి, దానికి విరుగుడుగా విటమిన్ కె ఇచ్చి, రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో పడిన టెన్షన్ మీకు వేరే చెప్పక్కర్లేదు.

నన్ను బాధపెట్టింది ఆ తర్వాత విన్న మాటలు. మా డాక్టరు తిరిగి వచ్చాక "నాకు ఫోన్ చేయకుండా అక్కడికెందుకు తీసుకెళ్లారు?" అన్నారు. రెండో క్లినిక్‌లో "మాకు మీరు చెప్పలేదు కదండీ" అన్నారు. ఇద్దరి మాటల మధ్యా తప్పు వచ్చి జ్వరంతో ఉన్న 74 ఏళ్ల మనిషి మీద పడింది. ఆయన మందు పేరు, మోతాదు, పదకొండేళ్ల ఐఎన్ఆర్ లెక్కలు అన్నీ మా క్లినిక్ కంప్యూటర్లో ఉన్నాయి. అవన్నీ ఒక కాగితం మీద రాసివ్వండి అని అంతకుముందు రెండుసార్లు అడిగాను. "మా సిస్టమ్‌లో ఉన్నాయి కదా, మీకెందుకు" అని పంపేశారు. ఎందుకో ఇప్పుడు చెబుతున్నాను: మీ సిస్టమ్ రాత్రి తొమ్మిదింటికి తలుపులు మూసుకుంటుంది కాబట్టి.

ఇది నేనొక్కడినే లేనిపోని హక్కు కల్పించుకుని అడగడం కాదు. ప్రపంచ వైద్య సంఘం 1981లో లిస్బన్‌లో రోగుల హక్కుల ప్రకటన ఆమోదించి 1995లో సవరించింది. తన రికార్డుల్లో ఏముందో తెలుసుకునే హక్కు రోగికి ఉందనీ, చికిత్స ఏ దశలో ఉన్నా ఇంకో డాక్టరు అభిప్రాయం అడగొచ్చనీ అందులో ఉంది. డాక్టర్ల సంఘాలు కలిసి రాసుకున్న మాట ఇది. అయినా "ఇంకొకరికి కూడా చూపించుకుంటాం" అనగానే ముఖం మాడ్చుకునే డాక్టర్లు ఎంతమందో! అందుకే జనం చెప్పకుండా వెళ్తారు. చెప్పకుండా వెళ్లినప్పుడు పాత కాగితాలు పట్టుకెళ్లరు, పట్టుకెళ్లినా దాచేస్తారు. ఆ భయాన్ని పెంచింది ఎవరో మీ వ్యాసకర్త ఆలోచించాల్సింది.

మందుల పేర్ల సంగతి ఇంకొకటి. ఒక్కో మందుకి ప్రపంచమంతా ఒకే పేరు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచీ జాబితాలు ప్రచురిస్తోంది. అయినా చీటీ మీద కంపెనీ పెట్టిన పేరే కనిపిస్తుంది, అది కూడా కొక్కిరి గీతల్లో. ఆ పేరు వేరేచోట ఎవరికీ తెలియకపోవచ్చు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీల మీద ఉంటే ముసలివాళ్లు రెండూ వేసుకుంటారు. షుగర్ రిపోర్టులు చూడండి, ఒకచోట 126 అని ఇస్తారు, ఇంకోచోట 7 అని ఇస్తారు. రెండూ ఒకటే, కొలమానం వేరు, 7ని 18తో హెచ్చిస్తే 126 వస్తుంది. పక్కన రాసిన కొలమానం చూడాలని తెలియని మనిషి 7 చూసి షుగర్ పడిపోయిందని బెంబేలెత్తడా?

అధికారుల సంగతి రాయకుండా ఉండలేను. ప్రతిసారీ ఒక కొత్త కార్డు, కొత్త నంబరు, కొత్త యాప్ అంటారు. ఒక ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ఇంకో ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడదు. యాప్‌లో రిపోర్టు ఫోటో ఉంటుంది, తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఆ ఓటీపీ ఊళ్లో లేని కొడుకు ఫోన్‌కి వస్తుంది. మందుల వల్ల జరిగే హాని తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఒక పెద్ద కార్యక్రమమే మొదలుపెట్టింది. రోగి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారే సమయంలోనే ప్రమాదం ఎక్కువని అందులో ప్రత్యేకంగా చెప్పారు. మన దగ్గర ఆ మారే సమయానికి బాధ్యత ఎవరిదో అడిగితే చెప్పేవాళ్లు లేరు. అధికారులు సమావేశాలు పెడతారు, ఫోటోలు దిగుతారు, నాన్నగారి జేబులో మాత్రం ఆ కత్తిరించిన స్ట్రిప్ ముక్కే ఉంటుంది.

నేను అడిగేది చాలా చిన్నది. చూపించుకున్న ప్రతిసారీ ఒక్క కాగితం ఇవ్వాలి. జబ్బులు, వాడుతున్న మందుల అసలు పేర్లు, మోతాదు, పడని మందులు, చివరి పరీక్ష ఫలితం, తేదీ. పెన్సిలిన్ పడనివాళ్లకి అదే జాతి మందైన అమోక్సిసిలిన్ కూడా పడదని ఆ కాగితం మీద ఒక ముక్క రాస్తే ఒక ప్రాణం నిలబడొచ్చు. అలాగే వేరే డాక్టరు కూడా తాను చూసింది, రాసింది తిరిగి పాత డాక్టరుకి అందేలా చీటీ ఇవ్వాలి. నాన్నగారికి రెండో క్లినిక్‌లో ఇచ్చిన చీటీ మీద జ్వరం ఎంతో కూడా లేదు.

ఇప్పటికి నేనే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో వార్ఫరిన్ మోతాదు రాసి నాన్నగారి పర్సులో పెట్టాను. డాక్టరుని కాను, అందులో తప్పు దొర్లితే ఎలా అని రాత్రులు నిద్ర పట్టడం లేదు.

మీ ఆరోగ్యం పేజీ వాళ్లు ఆస్పత్రుల్ని, అధికారుల్ని ఈ కాగితం గురించి అడగండి. వాళ్లిచ్చిన జవాబు, రోగుల్ని తప్పుపట్టిన అదే పేజీలో వేయండి. వచ్చే వారం నాన్నగారికి మళ్లీ ఐఎన్ఆర్ పరీక్ష ఉంది. మూడోసారి అడుగుతాను. ఇచ్చారో లేదో మీకు రాస్తాను.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకుడు