నమూనా వార్ ఫైలు ఏ టామ్‌క్యాట్‌కో చెప్పాలి

ఎడిటర్ గారికి,

ఇంజినీరింగ్ ల్యాబుల్లో, ట్యుటోరియళ్లలో సర్వ్‌లెట్ (వెబ్ అభ్యర్థనకు జవాబిచ్చే జావా ప్రోగ్రాం) పాఠానికి ఇచ్చే నమూనా వార్ ఫైళ్లలో, అంటే జావా వెబ్ అప్లికేషన్‌ను ఒకే ఫైలుగా చుట్టిన కట్టల్లో, వాటిని నడిపే సర్వర్ టామ్‌క్యాట్ 9 కాలం నాటివి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. విద్యార్థి డౌన్‌లోడ్ చేసుకునేదేమో 10.1 లేదా 11. సర్వర్ జావాకు ప్రమాణమైన జకార్తా ఈఈ 9తో 2020లో సర్వ్‌లెట్ ప్యాకేజీ పేరే జావాఎక్స్.సర్వ్‌లెట్ నుంచి జకార్తా.సర్వ్‌లెట్ అయింది. పాత ఫైలును వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో వేస్తే చక్కగా విప్పుకుంటుంది. కానీ పేజీ తెరిస్తే 404 (పేజీ దొరకలేదు)! వెబ్‌సర్వ్‌లెట్ ఎనోటేషన్ (సర్వ్‌లెట్ చిరునామాను కోడ్‌లోనే చెప్పే గుర్తు) పాత ప్యాకేజీది కనుక కొత్త సర్వర్ దాన్ని పట్టించుకోదు, లాగ్‌లోనూ ఏమీ చెప్పదు. ఆ చిరునామా మ్యాపింగ్‌ను వెబ్.ఎక్స్ఎంఎల్ అనే సెట్టింగుల ఫైలులో రాసి ఉంటే 500 (సర్వర్ లోపం) వస్తుంది. అదే నయం, ఏ క్లాసు దొరకలేదో లాగ్‌లో కనిపిస్తుంది. పాత ఫైలే వాడక తప్పదంటే వెబ్‌యాప్స్-జావాఈఈ అనే ఫోల్డర్ చేసి అందులో వేస్తే టామ్‌క్యాటే కొత్త పేర్లకు మార్చుకుంటుంది.

జావా వెర్షన్‌దీ ఇదే గొడవ. టామ్‌క్యాట్ 9కి జావా 8 చాలు, టామ్‌క్యాట్ 10.1కి జావా 11, టామ్‌క్యాట్ 11కి జావా 17 కావాలి. జావా 17తో కంపైల్ చేసిన క్లాసు వెర్షన్ 61. దాన్ని జావా 11 మీద నడిపితే అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్ఎర్రర్ అనే లోపం తప్పదు. కంపైల్ చేసేటప్పుడే రిలీజ్ ఆప్షన్‌లో 11 అని ఇస్తే సరిపోతుంది. సర్వ్‌లెట్ జార్ (లైబ్రరీ ఫైలు) సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి దాన్ని వార్‌లోని లిబ్ ఫోల్డర్‌లో కుక్కకూడదు. మేవెన్ అనే బిల్డ్ సాధనం వాడితే అందులో దానికి ప్రొవైడెడ్ అని రాయాలి.

తయారైన ఫైలు లోపల ఏమున్నాయో జార్ కమాండ్‌కు టీఎఫ్ ఇచ్చి చూడండి. వెబ్-ఇన్ఫ్ అనే ఫోల్డర్ మొదటి మెట్టులోనే కనబడాలి. ప్రాజెక్టు ఫోల్డర్‌ను పైనుంచి చుట్టేస్తే అది ఒక మెట్టు కిందికి పోతుంది, సర్వర్‌కు అందదు.

పరీక్ష మాత్రం రాసినవారు కోడ్ రాసుకున్న ఎక్లిప్స్‌లో కాదు, అప్పుడే విప్పిన ఖాళీ టామ్‌క్యాట్‌లో, వీలైతే లినక్స్ మీద చేయాలి. హలో.వార్ అని పెడితే చిరునామా స్లాష్ హలో అవుతుంది, రూట్.వార్ అయితే ఉత్త స్లాష్. రెండు పేర్లతోనూ తెరవాలి, ఎందుకంటే స్లాష్‌తో మొదలయ్యే సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే ఫైలు) లింకు రూట్‌లో పనిచేసి హలోలో తెగిపోతుంది. పెద్ద ఫైలును నేరుగా వెబ్‌యాప్స్‌లోకి కాపీ చేస్తే సగంలోనే సర్వర్ విప్పేయొచ్చు. అదే డిస్కులో వేరేచోట పెట్టి, పూర్తయ్యాక మూవ్ చేయాలి.

మాన్యువళ్లు అచ్చువేసేవారు ప్రతి నమూనా పక్కన టామ్‌క్యాట్ వెర్షన్, జావా వెర్షన్, తెరవాల్సిన చిరునామా, అక్కడ కనబడాల్సిన వాక్యం వేయాలి.

ఇట్లు,
ఒక జావా డెవలపర్, హైదరాబాద్