రో తిరగబడితే అర్థం పోతుంది

సంపాదకుడికి,

కొత్తగా కడుతున్న చర్చిల్లో ‘ఎక్స్’ మధ్యలో ‘పి’ నిలబెట్టినట్టుండే గుర్తును గాజు తలుపుల మీద చెక్కిస్తున్నారు. అవి ఇంగ్లిషు అక్షరాలు కావు. గ్రీకులో ‘క్రిస్తోస్’ మాటకు మొదటి రెండక్షరాలు, ఖీ, రో. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలం నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. రోకు ఉన్న గుండ్రని భాగం చూసేవారికి కుడివైపున ఉండాలి. పారదర్శక గాజు మీదైతే ఒకవైపు సరిగ్గా, రెండోవైపు తిరగబడి కనిపించక తప్పదు.

గ్రీకు అక్షరమాలలో మొదటిదీ చివరిదీ అయిన అల్ఫా, ఓమెగలది ఇంకో చిక్కు. వాటి పెద్దక్షరాలు (Α, Ω) విడివిడిగా అద్దంలోనూ మారవు. వరస మాత్రం మారి ‘ఆదియు అంతమును’ కాస్తా ‘అంతమును ఆదియు’ అవుతుంది!

పని అప్పగించే ముందే కాగితం నమూనా అతికించి, గాజుకు ఏ వైపు లోపలో మార్కర్‌తో రాయించాలి. రెండువైపులా కనబడే తలుపుకు చేప, లంగరు గుర్తులు మేలు. రోమ్ భూగర్భ సమాధుల్లో ఖీ-రో కంటే ముందు నుంచీ ఉన్నవే, ఎటు తిరిగినా అర్థం చెడదు.

బలిపీఠం గుడ్డ మీది ‘ఐ హెచ్ ఎస్’లో మధ్యది కూడా హెచ్ కాదు, గ్రీకు ఈటా. ‘యేసూస్’ పేరులో మొదటి మూడక్షరాలవి. ‘ఐ హ్యావ్ సఫర్డ్’ అని చెప్పడం తర్వాత అల్లిన వివరణ.

– ఒక పాఠకుడు, ఏలూరు